అడవిలో ఏ భూమి ముందు కలపాలి? మన గుట్టల సంగతి

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశం అయ్యాక పళ్లిపట్టు వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచారు. "సార్, మా చేను పక్కన గుట్ట ఉంది. అది ఫారెస్టుదా, పొరంబోకా? రేపు మా చేను కూడా అడవిలో కలిపేస్తారా?" అని అడిగారు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. పిల్లలకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

చూడ్డానికి ఒకేలా ఉన్నా గుట్టలన్నీ ఒకటి కావు. కొన్నిటి దగ్గర తమిళంలో 'కాప్పుక్కాడు' అని బోర్డు ఉంటుంది. అది రిజర్వు ఫారెస్టు, అటవీ శాఖది. కొన్ని రెవెన్యూ పొరంబోకు, అంటే ప్రభుత్వానిదే కానీ అటవీ శాఖది కాదు. ఇంకొన్ని ఎవరి పట్టాలోనో ఉంటాయి. ఏది ఏదో చెట్లను చూసి చెప్పలేం. సర్వే నంబరు పట్టుకొని వి.ఏ.ఓ. దగ్గర రిజిస్టరు చూడాల్సిందే.

మన రాష్ట్రంలో రిజర్వు అడవులకు ఆధారం 1882 నాటి అటవీ చట్టం. ముందు 4వ సెక్షను కింద 'ఈ భూమిని రిజర్వు చేయాలనుకుంటున్నాం' అని ప్రకటన వస్తుంది. తరువాత సెటిల్మెంట్ అధికారి 6వ సెక్షను కింద చుట్టుపక్కల ఊళ్లలో చాటించి, హక్కులున్నవాళ్లు చెప్పుకోవడానికి కనీసం మూడు నెలల గడువు ఇవ్వాలి. భూమి నాది అని, దారి ఉందని, పశువులు మేస్తాయని, నీళ్లు వాడుకుంటామని అప్పుడే రాసి ఇవ్వాలి. అన్నీ తేలాక 16వ సెక్షను కింద చివరి ప్రకటన. మధ్యలో పట్టా భూమి వస్తే దాన్ని వదిలేయాలి, లేదా యజమానితో ఒప్పందానికి రావాలి, లేదా భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇచ్చి తీసుకోవాలి. కాబట్టి ఆ తండ్రికి నా జవాబు: ఊరికే కలిపేయలేరు. కానీ గడువులో నోరు విప్పనివాడి హక్కు నిలబెట్టుకోవడం చాలా కష్టం. ఊళ్లో దండోరా వేసినరోజు మనం సంతకు పోయి ఉంటే తప్పు ఎవరిది?

మన తాలూకాలో ఇంకో చిక్కు కూడా ఉంది. తిరుత్తణి ప్రాంతం ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ప్రభుత్వపరం అయ్యాయి. మిగిలిన ప్రైవేటు అడవులను ఇష్టం వచ్చినట్టు అమ్మకుండా, నరకకుండా 1949లో ఇంకో చట్టం తెచ్చారు. తరువాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, సత్యవేడు అటు పోయింది. ఆ గీత కొండల మీదుగా పోయింది. అందుకే ఒకే కొండకు ఇటువైపు 1882 చట్టం, అటువైపు ఆంధ్రప్రదేశ్ 1967 చట్టం. మేకకు ఈ సంగతి తెలియదు, వానకూ తెలియదు. నగరి వైపు కొండల మీద పడిన వాన నగరి ఏరుగా దిగి, కుశస్థలిలో కలిసి, 1944లో కట్టిన పూండి రిజర్వాయరుకు చేరుతుంది. అక్కడినుంచి చెన్నై తాగుతుంది.

ఇక కొత్తగా అడవికి భూమి ఎందుకు కావాలి? రోడ్డుకో గనికో అడవి భూమి ఇచ్చినప్పుడు, 1980 అటవీ సంరక్షణ చట్టం నియమాల ప్రకారం మామూలుగా దానికి సమానంగా అడవి కాని భూమి చూపించి చెట్లు పెంచాలి. ఆ డబ్బు లెక్కలకు 2016లో వేరే చట్టమే వచ్చింది. పైగా 2022లో మొదలైన గ్రీన్ తమిళనాడు మిషన్ రాష్ట్రంలో అడవి, చెట్లు కలిపి 23.7 శాతం నుంచి 33 శాతానికి పెంచాలంటోంది.

ఇక్కడే అసలు ప్రశ్న. పిల్లలూ, ఈ లెక్క చూడండి. మూడు చోట్ల భూమి దొరుకుతోంది అనుకుందాం. ఒకటి హైవే పక్కన 40 ఎకరాలు, చవక. రెండోది రెండు రిజర్వు అడవుల మధ్య 20 ఎకరాల పట్టీ, ధర ఎక్కువ. మూడోది చెరువు పైన వాలులో 15 ఎకరాల రాళ్ల నేల. ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలం. చాలామంది 40 ఎకరాలే అంటారు. నేనైతే 20 ఎకరాల పట్టీ అంటాను, దాని తరువాత చెరువు పైది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా అలాంటి భూమి వీలైనంతవరకు ఉన్న అడవికి ఆనుకొని గాని దగ్గరలో గాని ఉండాలనే చెబుతాయి.

ఎందుకో నోటు పుస్తకంలో వేసి చూడండి. 100 హెక్టార్ల చదరం గీస్తే భుజం 1 కిలోమీటరు, చుట్టుకొలత 4 కిలోమీటర్లు. అదే భూమిని 25 హెక్టార్ల నాలుగు ముక్కలు చేస్తే చుట్టుకొలత మొత్తం 8 కిలోమీటర్లు. కాపలా రెట్టింపు, నిప్పు అంటుకునే అంచు రెట్టింపు. రెండు అడవులను కలిపే పట్టీ కొంటే రెండు అంచులు పోయి లోపలి అడవి అవుతాయి. జంతువులకు దారి దొరుకుతుంది.

ఇంకొకటి, పచ్చగా ఉన్నదల్లా అడవి కాదు. జామాయిల్ తోట, సర్కారు తుమ్మ దూరానికి దట్టంగా కనిపిస్తాయి. మన గుట్టల మీద కలివి, బలుసు, రేగు పొదలు మోకాలెత్తు కూడా ఉండవు, చూస్తే పనికిరాని బీడు అనిపిస్తుంది. కానీ వాలు మీద నీటిని ఆపి నేలలోకి దించేది ఆ పొదే. అలాంటి బీడును దున్ని మొక్కలు నాటి అడవి పెంచామంటే నాకు మింగుడుపడదు. ఉన్నదాన్ని మేతకు, నిప్పుకు దూరంగా కొన్నేళ్లు వదిలేస్తే చాలాచోట్ల అదే లేస్తుంది.

మనుషుల్ని మరిచి భూమిని ఎంచుకోకూడదు. 2005 డిసెంబరు 13కు ముందునుంచి అడవి భూమిలో ఉంటూ సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబాలకు 2006 అటవీ హక్కుల చట్టం నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇస్తుంది. దరఖాస్తు గ్రామసభలోనే మొదలవుతుంది. మన బడిలోనూ ఇరుళర్ పిల్లలున్నారు, వాళ్ల ఇళ్లలో ఈ మాట చెప్పాలి.

చివరగా ఒక పని. 1960కి ముందటి పట్టాలు, అడంగళ్లు, పన్ను రసీదులు మన ఇళ్లలో తెలుగులో ఉన్నవి చాలా ఉన్నాయి. మేత హక్కో దారి హక్కో రుజువు చేయాలంటే అవే ఆధారం కావచ్చు. ఇంట్లో తెలుగు చదివేవాళ్లు లేక చాలామంది అవి ఏమిటో తెలియకుండానే పెట్టెలో పెట్టుకున్నారు. అలాంటివి ఉంటే జిరాక్సు తీయించి మీ పిల్లల చేత పంపండి, శనివారం మధ్యాహ్నాల్లో పదో తరగతి పిల్లలతో కలిసి చదివి, సర్వే నంబర్లు విడిగా రాసి ఇస్తాం. అసలు కాగితం మాత్రం బడికి పంపవద్దు.