కారుకి హ్యాండిల్ పోయి సెల్ఫ్ ఎలా వచ్చింది

మొన్న తెల్లారుజామున అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మా పాత కారు మొరాయించింది. తాళం తిప్పితే టక్ టక్ అంటుందే గానీ ఇంజను తిరగదు. లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ బానే ఉందనుకున్నా. ఫోన్లో మెకానిక్కుని అడిగితే సెల్ఫ్ మోటారు పోయింది, మార్చాలన్నాడు. ఆటోలో వెళ్లొచ్చాం. సాయంత్రం బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. మైనస్ వైరు ముందు, ప్లస్ తర్వాత ఊడదీసి, వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించా. ఒక్క తిప్పుకే అందుకుంది.

లైట్లు వెలిగినా ఇంజను ఎందుకు తిరగలేదో తెలియాలంటే ఓ వందేళ్లు వెనక్కి పోవాలి.

అప్పట్లో అమెరికాలో కూడా పెట్రోలు కారంటే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పడమే. ఆయిలింజను తిప్పిన మన పెద్దోళ్లకి ఆ కష్టం తెలుసు. స్పార్కు ముందుగా పడిందంటే ఇంజను వెనక్కి తన్నేది, హ్యాండిల్ ఎదురు తిరిగి చెయ్యి విరిగేది. అందుకే ఫోర్డ్ మోడల్ టీ కారులో స్పార్కుని ఆలస్యం చేసే లివరు స్టీరింగు కిందే ఉండేది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ల పక్కనే పెట్టి పట్టుకోమనేవారు. ఒక్క మేలేంటంటే, కంప్రెషన్ ఉందో లేదో చేతికే తెలిసిపోయేది.

ఈ బాధ తప్పించింది చార్లెస్ కెట్టరింగ్. ఒహాయోలో రైతుబిడ్డ. అంతకుముందు కొట్లలో వాడే క్యాష్ రిజిస్టరుకి కరెంటు మోటారు పెట్టినాయన. ఇంజను తిప్పాలంటే ఇంజనంత మోటారు కావాలని మిగతావాళ్ల లెక్క. రోజంతా తిప్పక్కర్లేదు, కొన్ని సెకన్లే కదా, చిన్న మోటారుకే ఆ కాసేపు ఎక్కువ కరెంటు ఇస్తే చాలని ఈయన లెక్క. 1912 మోడల్ క్యాడిలాక్ కారుకి అది వచ్చింది. ఇంజను అందుకున్నాక అదే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని ఛార్జి చేసేది కూడా. మోడల్ టీకి మాత్రం సెల్ఫ్ 1919లో గానీ రాలేదు.

కిటుకంతా ఆ ఎక్కువ కరెంటులోనే ఉంది. హెడ్‌లైటు బల్బుకి ఐదు ఆంపియర్లు చాలు, సెల్ఫ్‌కి వంద పైనే కావాలి. ఉప్పు పట్టిన టెర్మినల్ ఐదు పోనిస్తుంది, వంద పోనివ్వదు. అక్కడే నేను మోసపోయా.

ఈసారి ఆగితే హెడ్‌లైటు వేసి తాళం తిప్పండి. లైటు బాగా డల్లయితే బ్యాటరీనో టెర్మినలో చూడండి. లైటు తగ్గకుండా ఒక్క టక్‌తో ఆగితే అప్పుడు సెల్ఫ్‌నీ దాని వైర్లనీ అనుమానించండి. పది సెకన్లకి మించి తిప్పకండి, కాసేపు ఆపి మళ్లీ తిప్పండి. అది పుట్టిందే కొద్దిసేపు పనికి. ఇంజను జోరుగా తిరుగుతూ కూడా అందుకోలేదంటే బ్యాటరీ జోలికి పోవద్దు. పెట్రోలు బండైతే పెట్రోలు వస్తుందా, స్పార్కు పడుతుందా అని చూడాలి. డీజిలు లైన్లో గాలి దూరిందంటే ఏం చేయాలో మన ట్రాక్టరోళ్లకి నేను చెప్పక్కర్లేదు.