బోరుకొచ్చిన ఇంజన్లు

అమెరికాలో ఇసుక దిబ్బల మీద ఏటీవీలు (లావు టైర్ల నాలుగు చక్రాల బండ్లు) తోలే కుర్రకారు ఇంజన్ సిలిండర్‌ను వెడల్పు చేయించి, పెద్ద పిస్టన్ వేయించుకుంటారు. సీసీ పెరుగుతుంది, దుమ్ము లేస్తుంది, సరదా తీరుతుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏటీవీ మొహం చూసినవాళ్లు తక్కువే. సిలిండర్‌కు బోరు చేయించడమంటే మాత్రం తెలియని రైతు లేడు, లారీ డ్రైవర్ లేడు.

ఈ మెట్ట సీమలో చెరువు కింద కాని పొలానికి ఒకప్పుడు మోటబావే దిక్కు. రెండెడ్లు వాలులోకి దిగుతూ మోకు లాగితే తోలు బొక్కెన పైకొచ్చి నీళ్లు పోసేది. పొద్దంతా మోట కొట్టినా తడిసేది కొన్ని మడులే. ఆ ఎడ్లకు సెలవిచ్చింది ఆయిల్ ఇంజన్. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన నెమ్మది ఇంజన్, నిమిషానికి ఆరేడు వందల చుట్లు మాత్రమే తిరిగేది. తర్వాత రాజ్‌కోట్ కార్ఖానాల్లో దానికి నకళ్లు తయారయ్యాయి. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పుట్టింది. పల్లె జనం నోట్లో చివరికి అన్నీ కలిసి ‘ఇంజన్’ అయిపోయాయి.

ఇంజన్ బావి దగ్గరికి రావడం ఒక ఎత్తు, దాన్ని బతికించుకోవడం మరో ఎత్తు. పంపు నీళ్లను పీల్చగలిగే లోతు లెక్క ప్రకారం 10 మీటర్ల పైచిలుకు. పొలంలో ఏడు మీటర్లు దాటితే మొరాయిస్తుంది. ఎండాకాలం బావిలో నీళ్లు దిగితే ఇంజన్‌నూ బావిలోకే దించాల్సి వచ్చేది. తన పొగ తనే పీల్చుకుంటూ, మడ్డిపట్టిన ఆయిల్‌తో, దుమ్ముకొట్టుకున్న ఫిల్టర్‌తో అది అక్కడే తిరిగేది. ఆ పొగ మనిషి ప్రాణానికీ ముప్పే. ఇంజన్ ప్రాణమైతే నెమ్మదిగా తీసేది. హ్యాండిల్ ఎంత తిప్పినా కంప్రెషన్ అందదు, పొగగొట్టం నుంచి నీలిపొగ, ఆయిల్ తాగుడు. అప్పుడు మేస్త్రీ ఒక్క మాటలో తేల్చేవాడు: బోరుకొచ్చింది.

లేత్ షాపులో జరిగే పని దగ్గరుండి చూడదగ్గది. అరిగిన సిలిండర్ చూపుకు గుండ్రంగానే ఉంటుంది. బోర్ గేజి లోపలికి దించితే ముల్లు అసలు సంగతి చెబుతుంది. రింగులు ఆడే పైభాగంలో అరుగుదల ఎక్కువ, అడుగున తక్కువ. పిస్టన్ ఒత్తిడి పడే వైపు ఇంకా ఎక్కువ, దాంతో వలయం కోడిగుడ్డు వాటం తిరిగి ఉంటుంది. తెలిసిన మేస్త్రీ ముందు పిస్టన్ తెమ్మంటాడు. దాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేస్తాడు. బోరింగ్ బార్ కొనకున్న ఒకే ఒక్క ఉలి సిలిండర్ గోడను సన్నగా గీరుకుంటూ దిగుతుంది. చివరి పిసరు హోనింగ్ రాళ్లకు వదిలేస్తారు. అవి గోడ మీద అడ్డదిడ్డంగా గీసే సన్నగీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. అద్దంలా నున్నగా చేసిస్తే మెచ్చుకునే గిరాకీలు ఉంటారు గానీ, ఆ నునుపు మీద ఆయిల్ నిలవదు. సందు మరీ బిగువైనా కష్టమే. బీడు సిలిండర్ కంటే అల్యూమినియం పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది, ఇంజన్ పట్టేస్తుంది.

1949లో మద్రాసులో మొదలైన ఇండియా పిస్టన్స్ లాంటి కంపెనీలు వచ్చాక ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు దేశీయంగానే దొరకసాగాయి. బోరు చేసిన ప్రతిసారీ సీసీ కొద్దిగా పెరుగుతుంది. కిర్లోస్కర్ ఏవీ-1నే చూడండి. బోరు 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110, మొత్తం 553 సీసీ. ఒక మిల్లీమీటరు పెంచితే 567 సీసీ. రైతుకు ఆ 14 సీసీ లెక్కలోకే రాదు, మడికి నీళ్లు పారితే చాలు.

కంపెనీలు మాత్రం ఇదే కిటుకును తెలివిగా వాడుకున్నాయి. అదే కిర్లోస్కర్ టీవీ-1లో స్ట్రోకు 110గానే ఉంది, బోరు 87.5 మిల్లీమీటర్లు. సీసీ 661కి ఎగబాకింది, 5 హార్స్‌పవర్ కాస్తా 7 అయింది. లారీల కథా అంతే. 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి టాటాలు మొదలుపెట్టిన లారీల ఇంజన్ బోరు 90, స్ట్రోకు 120. తర్వాత వచ్చిన టాటా 692లో స్ట్రోకు అదే, బోరు 92. ఆరు సిలిండర్లు, 92 బోరు, అందుకే ఆ పేరు. 697కు వచ్చేసరికి బోరు 97, స్ట్రోకు కూడా 128 అయింది. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట, కోదాడ, కర్నూలు రోడ్డు మీద జడ్చర్ల దాటిపోయిన లారీల్లో ఈ ఇంజన్ల మోతే ఎక్కువ వినిపించేది.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైతుకు ఇంజన్‌తో అవసరం తగ్గి ట్రాక్టర్‌తో పెరిగింది. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట మెట్టల్లో బావులే ఆధారంగా మిగిలాయి. 1980లలో హార్స్‌పవర్ లెక్కన స్లాబు రేటుకే కరెంటు దొరకడంతో అక్కడా మోటార్లు బిగించారు. ఇంజన్ మూలకు చేరింది, మేస్త్రీ గిరాకీ కొంత మోటార్ వైండింగ్ షాపుకు మళ్లింది.

సీసీ కోసమే బోరు చేయించే కుర్రాళ్లు ఇక్కడా తయారైంది యమహా ఆర్ఎక్స్ 100తోనే. 1985లో వచ్చిన ఆ బండి బోరు 50, స్ట్రోకు 50, ఇంజన్ 98 సీసీ. ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజుకు వెళ్లినా 102 దగ్గరే ఆగుతుంది. అది చాలనివాళ్లు 58 బోరున్న ఆర్ఎక్స్ 135 బారెల్‌నే ఎక్కిస్తారు, స్ట్రోకు అదే 50 కాబట్టి 132 సీసీ అవుతుంది. అరుగుదలకు చేసే బోరుకు ఎవరూ అడ్డు చెప్పరు. సీసీ పెంచడం మాత్రం వేరే వ్యవహారం. ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణ ప్రకారం అలా చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. లేత్ షాపు మెట్లెక్కే ముందు ఆర్‌సీ ఒకసారి తీసి చూసుకోండి.