గొంతు నుంచి గడపకు: ఉత్తర తెలంగాణలో క్రైస్తవ బాలల పుస్తకాల చరిత్ర

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో క్రైస్తవ బాలల పుస్తకాల చరిత్రను అచ్చుయంత్రాల చరిత్రగా మాత్రమే రాస్తే అందులో సగం కూడా దొరకదు. విశ్వాసాన్ని, మంచి నడవడిని పిల్లలకు నేర్పడానికి ఉద్దేశించిన ఆ పుస్తకాలు చాలావరకు మద్రాసులోనో కోస్తా పట్టణాల్లోనో తయారై ఇక్కడికి చేరినవి కాగా, ఇక్కడి పల్లెల్లో వాటికి ప్రాణం పోసినవి చదివి వినిపించిన ఉపదేశకుల గొంతు, విని వల్లె వేసిన పిల్లల జ్ఞాపకశక్తి. అక్షరం అందని వాడల్లోకి ఈ పుస్తకం ముందు వినికిడిగా, తరువాత పాటగా, చివరకు చదువుగా ప్రవేశించింది. ఆ క్రమమే దాని బలాన్నీ పరిమితినీ నిర్ణయించింది.

1905 నాటి పునర్వ్యవస్థీకరణకు ముందు కరీంనగర్ ప్రాంతం ఎలగందల జిల్లాగా, ఆదిలాబాద్ ప్రాంతం సిర్పూర్-తాండూర్ ఉపజిల్లాగా ఉండేవి. రెండూ నిజాం రాజ్యంలోనివి కావడంతో 1880ల నుంచి పాలనాభాషగా ఉన్న ఉర్దూయే సర్కారు చదువుకు కూడా ప్రధాన మాధ్యమమైంది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో రాజ్యం మొత్తం మీద చదవడం, రాయడం వచ్చినవారు నూటికి అయిదుగురికి మించలేదు. తెలుగు చదువు ప్రధానంగా ఖాన్గీ బడుల్లో, అంటే పంతులు సొంతంగా నడుపుకునే ప్రైవేటు బడుల్లో సాగేది. సుమతి, వేమన శతకాలు, బాలశిక్ష అక్కడి పాఠ్యాలు. 1920లలో ఆ బడులకు కూడా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి కావడంతో తెలుగు చదువు మరింత కుంచించుకుపోయింది. ఈ బడుల అరుగు ఎక్కే అవకాశం మాల, మాదిగ వాడల పిల్లలకు దాదాపుగా ఉండేది కాదు. మిషను బడి, అది చేతికిచ్చిన చిన్న పుస్తకం ఈ ప్రాంతంలో ఎందుకంత ప్రాధాన్యం పొందాయో ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

ఆ చిన్న పుస్తకానికి సుదీర్ఘమైన పూర్వచరిత్ర ఉంది. మద్రాసులో తెలుగు నేర్చుకుని జర్మనీకి తిరిగివెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో హాలె నగరంలో అచ్చు వేయించిన చిన్న ప్రశ్నోత్తరి తొలి తెలుగు ముద్రిత గ్రంథాలలో ఒకటి. ప్రశ్నోత్తరి అంటే మత విశ్వాసంలోని ముఖ్యాంశాలను గురువు అడిగే ప్రశ్నలుగా, శిష్యుడు చెప్పే జవాబులుగా కూర్చిన పాఠం. పిల్లలకు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి కంఠస్థం చేయించడానికి అనువైన రూపం కనుక, తెలుగు ముద్రణ తొలి అడుగుల్లోనే ఒక బోధనా పుస్తకం కనిపించడంలో వింత లేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ బడులు తెరిచి, క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1818లో ఏర్పడిన మద్రాసు రిలిజియస్ ట్రాక్ట్ సొసైటీ చౌకధర చిన్న పుస్తకాలను దక్షిణాది భాషల్లో విరివిగా పంచింది.

పిల్లలను ప్రత్యేక పాఠకవర్గంగా గుర్తించిన కృషి మాత్రం 1858లో లండన్‌లో మొదలైన క్రిస్టియన్ వెర్నాక్యులర్ ఎడ్యుకేషన్ సొసైటీతో బలపడింది. దాని ప్రతినిధిగా భారతదేశమంతా తిరిగిన జాన్ మర్డాక్, ఏ భాషలో ఏ పుస్తకాలున్నాయో జాబితాలు తయారుచేసి, బడిలో చదవడం నేర్పుతూనే నీతిని, విశ్వాసాన్ని బోధించే వాచకాల వరుసలను తెలుగుతో సహా పలు భాషల్లో వెలువరించడానికి 1904లో మరణించేవరకు పాటుపడ్డాడు. 1891లో ఆ సంస్థ క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీగా పేరు మార్చుకుంది. మరోవైపు, 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రెయిక్స్ పనిపిల్లల కోసం ఆరంభించిన ఆదివారపు బడి, అంటే సండే స్కూల్, భారతదేశంలోనూ వేళ్లూనింది. 1876లో అలహాబాదులో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడ్డాక వయసును బట్టి పాఠాలు, కంఠత వాక్యాలు, ఏటేటా పరీక్షలు అనే పద్ధతి సంఘాలలో స్థిరపడింది. కంఠత వాక్యం అంటే ఆ వారపు కథకు సారంగా పిల్లలు నోటికి నేర్చుకునే ఒక బైబిలు వచనం.

నిజాం రాజ్యంలోని ఈ జిల్లాల్లో ఆ పద్ధతిని పల్లెలకు చేర్చినవారు ప్రధానంగా వెస్లియన్ మెథడిస్టులు. పద్దెనిమిదో శతాబ్దిలో జాన్ వెస్లీ ఇంగ్లండులో నడిపిన ఉజ్జీవ ఉద్యమం నుంచి పుట్టిన ఈ సంఘం 1879 ప్రాంతంలో విలియం బర్జెస్ ద్వారా సికిందరాబాదులో పని మొదలుపెట్టి, తరువాతి దశాబ్దంలో కరీంనగర్ వైపు విస్తరించింది. గోదావరికి ఉత్తరాన లక్షెట్టిపేట దాని కేంద్రాలలో ఒకటైంది. మాల, మాదిగ కుటుంబాలు గుంపులుగా బాప్తిస్మం పొందినచోట సంఘం పెట్టవలసివచ్చిన మొదటి ఏర్పాటు బడి. ఒకే మనిషి పిల్లలకు పంతులుగా, పెద్దలకు ఉపదేశకుడిగా ఉండేవాడు. పగలు పిల్లలు పొలం పనికో పశువుల వెంటో పోయేవారు కనుక చాలాచోట్ల దీపం వెలుగులో జరిగే రాత్రిబడే అసలు బడి. పలకలే తప్ప పుస్తకాలు అందరికీ సరిపడా లేని ఆ బడిలో పంతులు చేతిలోని ఒక్క ప్రతి ముప్పై గొంతుల్లో పలికేది. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, తప్పిపోయిన కుమారుడి కథ, మంచి సమరయుని కథ, దావీదు గొల్యాతుల కథ ఇలాగే నోటికి వచ్చాయి. పిల్లవాడు ఇంటికి వెళ్లి వల్లె వేస్తుంటే తల్లిదండ్రులూ నేర్చుకునేవారు. బిడ్డే ఇంటికి గురువైన ఆ మలుపు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది.

పుస్తకానికి పాట తోడవకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు పద్య, కీర్తన సంప్రదాయాలను ఆకళించుకుని రాసిన కీర్తనలు, అదే దారిలో నడిచిన ఇతర కవుల రచనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంకలనంలో చేరి సంఘాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి అయ్యాయి. రాగం, తాళం, పల్లవి, చరణాలు ఉన్న ఈ కీర్తనలు తెలుగు చెవికి పరాయివి కావు. గ్రాంథిక భాషలోని వచనం పిల్లలకు కొరుకుడు పడకపోయినా అదే భావం పాటలో సులువుగా పట్టుబడేది. చదవడం వచ్చాక ఆ పిల్లలు తాము ముందే పాడుతున్న మాటలను అచ్చులో గుర్తుపట్టేవారు. అక్షరం మీద భయం పోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

బొమ్మ కూడా అలాంటి సాయమే చేసింది. ఆదివారపు బడిలో గోడకు వేలాడదీసే పెద్ద రంగుల చిత్రపటాలు, బహుమతిగా ఇచ్చే చిన్న బొమ్మల చీటీలు పల్లె పిల్లలు చూసిన తొలి రంగుల అచ్చులలో ఉండేవి. అక్షరమే లేని పుస్తకం కూడా ఒకటి వాడుకలోకి వచ్చింది. 1866లో లండన్ బోధకుడు చార్లెస్ స్పర్జన్ నలుపు, ఎరుపు, తెలుపు పుటలతో పాపం, క్రీస్తు రక్తం, శుద్ధి అనే మూడు భావాలను వివరించగా, 1875లో అమెరికన్ బోధకుడు డి. ఎల్. మూడీ పరలోకానికి గుర్తుగా బంగారు రంగు చేర్చాడు. ఎదుగుదలకు గుర్తయిన ఆకుపచ్చ ఆ తరువాత వచ్చింది. చదువు రాని పిల్లవాడు సైతం చివరిదాకా ‘చదవగల’ పుస్తకం కావడం వల్ల అది భాషల హద్దులు దాటి ప్రపంచమంతా వ్యాపించింది.

ఈ పుస్తకాలు నేర్పిన విలువలను న్యాయంగా తూచాలి. అబద్ధమాడకపోవడం, శుభ్రత, కల్లు సారాలకు దూరంగా ఉండడం, ఆడపిల్లను బడికి పంపడం, ఆదివారం పనిమాని ఆరాధనకు వెళ్లడం వంటివి కథల రూపంలో పదేపదే వచ్చేవి. వెట్టిచాకిరీలో నలిగే వాడలకు వారంలో ఒక రోజు తమదని చెప్పడమే గొప్ప మాట. ప్రతి బిడ్డా దేవుని పోలికలో పుట్టినదని చెప్పడం అంతకన్నా గొప్ప మాట. అయితే పాత ప్రచురణల్లో కొన్ని ఊరి దేవతలను, జాతరలను, పెద్దల ఆచారాలను చులకనచేసే ధోరణిలో సాగాయి. బొమ్మల్లో యేసు, ఆయన చుట్టూ ఉన్న పిల్లలు ఐరోపావారిలా కనిపించారు. అంటరానితనం గురించి సూటిగా మాట్లాడిన బాలల కథలు అరుదు. అక్షరాన్ని ఇచ్చిన చేయి ఆ బిడ్డ పుట్టిపెరిగిన సంస్కృతికి అదే గౌరవం ఇవ్వలేకపోవడం ఈ సాహిత్యంలోని నిజమైన లోపం.

దీన్ని దిద్దే ప్రయత్నం పొరుగునే జరిగింది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, దోర్నకల్ కేంద్రంగా పల్లె విశ్వాసులకు కొద్దిపాటి కథలు, ప్రార్థనలు, కీర్తనలతో కూడిన బోధనను ప్రోత్సహిస్తూ, దేశీయ సంగీతానికి, కోలాటానికి ఆరాధనలో చోటిచ్చాడు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు దక్షిణ ఇండియా సంఘంగా కలిశాయి. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం, అంటే ఒక బిషప్ పర్యవేక్షణలోని సంఘాల సముదాయం, విడిగా ఏర్పడింది. పొరుగున ఉన్న మెదక్ ప్రాంతపు పల్లె సంఘాన్ని పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన అధ్యయనం, గ్రామీణ క్రైస్తవుల విశ్వాస జీవితంలో పాటకు, పండుగకు, చుట్టూ ఉన్న ఊరి ఆచారాలకు ఎంత చోటుందో నమోదు చేసింది.

ఆదిలాబాద్ వైపు కథోలిక సంఘం మరో దారిలో వచ్చింది. పొరుగున మహారాష్ట్రలోని చాందా పేరుతో 1962లో ఏర్పడిన మిషనును కేరళకు చెందిన సి.ఎం.ఐ. సభ గురువులు చేపట్టారు. ఆ సభ స్థాపకులలో ఒకరైన కురియాకోస్ ఎలియాస్ చావర 1846లో మన్నానంలో అచ్చుకూటం నెలకొల్పి, బడినీ పుస్తకాన్నీ విశ్వాస జీవితానికి ఆధారంగా నిలిపినవాడు. 1999లో చాందా నుంచి విడివడి, మంచిర్యాల ప్రధానాలయంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. అధ్యక్ష మండలానికి కథోలికులు వాడే మాట మేత్రాసనం. ఇక్కడ పిల్లల పుస్తకానికి నిర్దిష్టమైన గమ్యం ఉంటుంది: మొదటి దివ్యసత్ప్రసాదం, అంటే ఆరాధనలో అప్పద్రవ్యాన్ని తొలిసారి స్వీకరించే సంస్కారం, దానికి ముందు ప్రార్థనలను, సంస్కారాల అర్థాన్ని పాఠాలుగా నేర్చుకోవడం.

ఆదిలాబాద్‌లో భాష ప్రశ్న మరింత లోతైనది. గోండు, కోలాం పిల్లలకు తెలుగు ఇంటిభాష కాదు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలను వాడుకలోకి తెచ్చాడు. అది మతబోధతో సంబంధం లేని పని. అయినా పిల్లవాడి చదువు అతని ఇంటి మాటలో మొదలవ్వాలన్న సూత్రాన్ని ఈ జిల్లాలోనే ఆచరించి చూపిన పని. గుంజాల గ్రామంలోని పాత రాతప్రతుల వల్ల వెలుగులోకి వచ్చిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కడంతో, పిల్లల పుస్తకాలను ఆ అక్షరాల్లో వేయడానికి ఉన్న సాంకేతికమైన అడ్డంకి కూడా తొలగింది.

సింగరేణి గనుల వెంట బెల్లంపల్లి, మంచిర్యాల, గోదావరిఖని పట్టణాలు పెరిగినకొద్దీ పలు ప్రాంతాల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలతో రకరకాల క్రైస్తవ సంఘాలు వెలిశాయి. ఎండాకాలం సెలవుల్లో జరిగే వి.బి.ఎస్., అంటే సెలవుల బైబిలు బడి, ఇప్పుడు పిల్లల పుస్తకాలకు పెద్ద వేదిక. కొన్ని రోజుల పాటు ఒకే అంశం చుట్టూ కథ, అభినయ గీతం, కంఠత వాక్యం, రంగులు వేసే పుట, చేతిపని నడుస్తాయి. పుస్తకాలు ఇప్పుడు ప్రతి బిడ్డ చేతికీ వస్తున్నాయి కానీ, వాటిలో చాలా కథలు, బొమ్మలు వేరే దేశపు పిల్లల జీవితం నుంచి అనువాదమై వచ్చినవే.

ఈ చరిత్ర చెప్పే పాఠం స్పష్టంగా ఉంది. పిల్లలు విన్నది, పాడినది, ఇంట్లో తిరిగి చెప్పగలిగినది నిలిచింది. వారి మాటకు, బతుకుకు దూరంగా ఉన్నది ఎంత అందంగా అచ్చయినా నిలవలేదు. కనుక ఇక్కడి సంఘాలు చేపట్టవలసిన పనులు రెండు. పాత వాచకాలు, ప్రశ్నోత్తరులు, సండే స్కూల్ పాఠాల ప్రతులు చర్చి బీరువాల్లో శిథిలం కాకముందే వాటిని భద్రపరచడం మొదటిది. బొగ్గుబావి కాలనీలో, బీడీలు చుట్టే ఇంట్లో, గోండు గూడెంలో పెరిగే పిల్లలు తమను తాము గుర్తుపట్టే కథలను తెలంగాణ తెలుగులోనూ గోండిలోనూ కొత్తగా రాయించడం రెండవది. ఒకప్పుడు ఒక్క ప్రతితో ముప్పై మందికి చదువు చెప్పిన పంతుళ్ల శ్రమకు తగిన కొనసాగింపు ఆ రచనే.