పంది వేట కత్తి మీద సేలం కమ్మరి పేరు

రాత్రి మళ్లీ చేలో పందులు పడ్డాయి. వేరుశనగ రెండు సాళ్లు దున్నినట్టు తవ్వేశాయి. పొద్దున గట్టు మీద కూర్చుంటే ఈ పాత సంగతి గుర్తొచ్చింది, చెబుతా.

దొరల కాలంలో గుర్రమెక్కి పందిని వేటాడేవాళ్లకు దాన్ని తుపాకీతో కాల్చడం నామోషీ. వెదురు కర్రకు ఉక్కు మొన బిగించిన బల్లెంతోనే తరమాలి. ముందు నెత్తురు కళ్లజూసినవాడికే కోరలు. నడుముకి మాత్రం ఒక కత్తి. పంది మీదికే వచ్చేస్తే బల్లెం తిప్పడానికి చోటేదీ?

ఆ కత్తులన్నీ ఇంగ్లండు సరుకే అనుకునేరు. 19వ శతాబ్దంలో బాగా పేరుమోసినవి మద్రాసు ప్రెసిడెన్సీలోని సేలంలో అరుణాచలం చేసినవి. కత్తి మీదే ఆయన పేరు, ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. సేలం పక్కనే కంజమలై కొండ. అక్కడి ఇనుప రాయి కరిగించి ఉక్కు చేయడం ఆ ప్రాంతానికి పాత విద్య. ఇటు నిజాం రాజ్యంలో ఔరంగాబాదు బోద్‌రాజ్ బల్లేలకూ అంతే పేరు.

మరి పంట పోయే రైతు మాటేంటి? 1878 ఆయుధాల చట్టం బాకు, బల్లెం, విల్లమ్ముల్ని కూడా ఆయుధాల్లోనే కలిపింది. మనవాడికి లైసెన్సు కావాలి, దొరకి అక్కర్లేదు. చేసింది మన కమ్మరి, మొలలో దోపుకుంది దొర!

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అనుమతి లేకుండా పందిని చంపితే కేసే. మా ఊళ్లో కొలిమీ ఆరిపోయింది, కొడవలి కూడా సంతలోనే కొంటున్నాం. ఈ రాత్రికి డబ్బా, టార్చిలైటు పట్టుకుని మంచె ఎక్కాలి.