మంచు చరియలు: కారణాలు, గుర్తులు, జాగ్రత్తలు

2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లోని సోనం స్థావరంపై మంచు గోడ విరిగిపడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన పదిమంది సైనికులు దాని క్రింద చిక్కుకొనిరి. వారిలో కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ, మహారాష్ట్రల బిడ్డలు కలరు. ధార్వాడ జిల్లా బెటదూరు వాసి లాన్స్‌నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తరువాత ప్రాణాలతో బయటపడినా, ఫిబ్రవరి 11న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో కన్నుమూసెను. మన సరిహద్దు గ్రామాలలో మంచు కురియదు. కాని మన పిల్లలు సైన్యంలో చేరి, రహదారి పనులకు, విహారయాత్రలకు వెళ్ళి మంచుకొండలలో అడుగుపెట్టుచున్నారు. కనుక ఈ విషయం మన ఇండ్లలోనూ తెలియవలసినదే.

పేరు

పత్రికలలో దీనిని ఒక్కొక్కప్పుడు ‘హిమపాతం’ అని వ్రాయుదురు. ఆ మాటకు మంచు కురియుట అనే అర్థం కూడ ఉన్నందున ‘మంచు చరియలు’ అనుటే స్పష్టం. కన్నడంలో దీనిని ‘హిమకుసిత’ అనియు, తమిళంలో ‘పనిచ్చరివు’ అనియు అందురు.

ఎందుకు జారును?

మంచు ఒకేసారి కురిసి ఒకే ముద్దగా నిలువదు. ప్రతి హిమపాతానికి ఒక పొర చొప్పున పేరుకొనును. తీవ్రమైన చలిలో అడుగు పొరలోని మంచు పంచదార పలుకుల వలె విడివిడి గింజలుగా మారవచ్చును. దానిపై గాలి తెచ్చి పోసిన మంచు గట్టి పలకగా ఏర్పడును. ఏటవాలు నేలపై జొన్నలు పోసి వాటిమీద నాపరాయి పరచినట్లు ఊహించుకొనండి. బండ నిలిచినట్లే కనబడును. ఒక మనిషి బరువు పడగానే జారిపోవును. ప్రాణాలు తీసిన మంచు చరియలలో అత్యధిక భాగం ఆ బాధితుడో అతని తోటివారో కదిలించినవే అని పరిశీలకులు చెప్పుదురు.

వాలు కోణం

ఈ పలకలు ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులలో జారును. పిల్లల జామెట్రీ పెట్టెలోని మూలమట్టాలు చూడండి. ఒకదానిలో 30, రెండవదానిలో 45 డిగ్రీల కోణం ఉండును. ఆ రెండింటి నడుమ వాలే అపాయకరం. వాలు క్రింది చదును నేల కూడ క్షేమం కాదు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలోని నాథులా దారిలో ఏడుగురు పర్యాటకులు మరణించిరి. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా వద్ద రహదారి కార్మికుల శిబిరంపై మంచు విరిగిపడగా 54 మందిలో ఎనిమిదిమంది మరణించిరి.

గమనింపవలసిన గుర్తులు

— సమీపపు వాలులలో క్రొత్తగా జారిన మంచు జాడలు.
— అడుగు వేయగానే మంచు లోపల ‘ధుబ్’మని కుంగిన శబ్దం, పాదం నుండి పారిన పగుళ్ళు.
— భారీగా మంచు కురిసిన తరువాతి ఒకటి రెండు రోజులు.
— శిఖరాల నుండి మంచును ఎగురగొట్టు బలమైన గాలి.
— హఠాత్తుగా పెరిగిన ఎండ, లేదా మంచుపై కురిసిన వాన.

వీటిలో ఏ ఒక్కటి కనబడినను ఏటవాలును విడిచి వెనుకకు మరలుట మేలు.

గుల్మార్గ్ ఉదాహరణ

కాశ్మీరులోని గుల్మార్గ్‌లో గండోలా ఎక్కి అఫర్వత్ పర్వతంపైకి చేరవచ్చును. అక్కడ సిబ్బంది కాపలా కాయు వాలులు కొన్ని మాత్రమే. హద్దు దాటినచో ఎవరి జాగ్రత్త వారిదే. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలెండ్ దేశీయులు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యా దేశీయుడు ఆ ప్రాంతపు వాలులలో స్కీయింగ్ చేయుచు మంచు చరియలలో మరణించిరి.

రక్షణ

కదలిక ఆగగానే మంచు బిగుసుకొనును; లోపలి మనిషి చేయి కూడ కదపలేడు. మొదటి పది పదిహేను నిమిషాలలో వెలికితీసినచో బ్రతుకు ఆశ ఎక్కువ. అరగంట దాటినచో చాలా తక్కువ. దూరం నుండి సహాయం వచ్చులోగా ఆ కాలం గడచిపోవును. కావున కాపాడవలసినది ప్రక్కనున్నవారే. ప్రతివారివద్ద సంకేతం పంపు ట్రాన్స్‌సీవర్, మంచులో గ్రుచ్చి వెదకు పొడవాటి కడ్డీ, పార ఉండవలెను. వాటిని వాడుట ముందే అభ్యసింపవలెను. అపాయకరమైన వాలును తప్పక దాటవలసివచ్చినచో ఒక్కొక్కరే దాటుచు, మిగిలినవారు సురక్షిత స్థలం నుండి చూచుచుండవలెను.

హెచ్చరికలు

మనాలిలో 1969లో నెలకొల్పిన హిమ, మంచు చరియల అధ్యయన సంస్థ 2020లో చండీగఢ్‌లోని డి.జి.ఆర్.ఇ.లో విలీనమైనది. హిమాలయ ప్రాంతాలకు ఆ సంస్థ హెచ్చరికలు ఇచ్చును. ఐరోపాలో ప్రమాదాన్ని ఐదు స్థాయిలుగా లెక్కింతురు. నడిమిదైన మూడవ స్థాయిలోనే అక్కడ ఎన్నో మరణాలు సంభవించినవి. మధ్యస్థమన్న మాట విని ధైర్యపడరాదు.

మీ ఇంటి బిడ్డ శీతాకాలంలో మంచుకొండలకు యాత్రకు వెళ్ళుచున్నచో స్వెట్టరుతోపాటు ఈ రెండు ప్రశ్నలు కూడ ఇచ్చి పంపండి: నేటి హెచ్చరిక ఏమి? మన పైనున్న వాలు ఎంత?