రాజ్మా గింజలు: పచ్చిగా ఎందుకు తినకూడదు, ఎట్లా ఉడికించాలి?

విత్తనం మొలకెత్తే ప్రయోగానికి సైన్సు తరగతిలో చాలాసార్లు రాజ్మా గింజలే తెమ్మంటారు. గింజ పెద్దది కాబట్టి తడి దూదిలో పెడితే వేరు, మొలక కంటికి బాగా కనబడతాయి. పిల్లలూ, ఆ గింజలను మాత్రం నోట్లో వేసుకోకండి. పెసలు, మటకీ మొలకలు తింటాం కదా, ఇవీ తినొచ్చులే అనుకోవద్దు. మొలకెత్తినంత మాత్రాన రాజ్మాలోని విషం పూర్తిగా పోదు.

గింజలో ఏముంది?

లెక్టిన్లు అనేవి ఒక రకం ప్రోటీన్లు. ఇవి జీవకణాల మీద ఉండే చక్కెర అణువులకు అతుక్కుంటాయి. రాజ్మాలో ఉండే లెక్టిన్ పేరు ఫైటోహీమాగ్లుటినిన్. ఇది ఎర్ర రక్తకణాలను ముద్దగా అతికిస్తుంది. ఆ శక్తిని బట్టే దీన్ని యూనిట్లలో కొలుస్తారు. పచ్చి ఎర్ర రాజ్మాలో 20,000 నుంచి 70,000 యూనిట్లు ఉంటే, బాగా ఉడికిన రాజ్మాలో 200 నుంచి 400 మాత్రమే మిగులుతాయి. తెల్ల రాజ్మాలో ఎర్రదాని కంటే తక్కువే గాని, అదీ పచ్చిగా పనికిరాదు.

తింటే ఏమవుతుంది?

నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు. ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపులో తిప్పడం, వాంతులు, తర్వాత విరేచనాలు, కొందరికి కడుపునొప్పి వస్తాయి. మామూలుగా మూడు నాలుగు గంటల్లో తేరుకుంటారు. అయితే పిల్లల ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి. వాంతులు ఆగకపోయినా, పిల్లలు నీరసంగా మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో తప్పకుండా చెప్పండి.

సగం ఉడికితే ఇంకా ప్రమాదం

వేడికి గుడ్డులోని తెల్లసొన గట్టిపడ్డట్టే, లెక్టిన్ కూడా వేడికి తన ఆకారం పోగొట్టుకుని పని చేయడం మానేస్తుంది. కాని దానికి నీళ్లు తెర్లే వేడి, అంటే 100 డిగ్రీలు కావాలి. 80 డిగ్రీల దగ్గర సన్నగా కాగితే విషం తగ్గకపోగా, పచ్చిగింజ కంటే ఐదింతల దాకా పెరగవచ్చు. అందుకే నిదానంగా వండే స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా నేరుగా వేయకూడదు. వేడినీళ్లు పోసి థర్మాస్‌లో పెట్టినా సరిపోదు.

పొడిగా వేయించినా అంతే. 2006లో జపాన్‌లో ఒక టీవీ కార్యక్రమంలో బరువు తగ్గడానికని, తెల్ల రాజ్మాను మూడు నిమిషాలు వేయించి పొడి చేసి అన్నం మీద చల్లుకోమన్నారు. అది చూసి చేసుకున్న ఎంతోమందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

వండే పద్ధతి

1. గింజలను రాత్రంతా నానబెట్టండి. కనీసం ఐదు గంటలైనా నానాలి.
2. నానిన నీళ్లు పారబోసి, గింజలు కడగండి. ఆ నీళ్లు కూరలో పోయవద్దు.
3. కొత్త నీళ్లు పోసి, బాగా తెర్లుతుండగా 30 నిమిషాలు ఉడికించండి. లెక్టిన్ పోవడానికి 10 నిమిషాల గట్టి మరుగు చాలు గాని, అన్ని గింజలకూ వేడి సమంగా అందాలంటే అరగంట మంచిది.
4. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇంకా నయం. గింజ లోపల పలుకు లేకుండా నలిగేదాకా ఉంచండి.

డబ్బాలో అమ్మే రాజ్మా ముందే ఉడికించినది, భయం లేదు.

మిగతా గింజల సంగతి

పెసలు, శనగలలో లెక్టిన్ చాలా తక్కువ. సోయా, ఎండు చిక్కుడు గింజలు మాత్రం ఉడికించే తినాలి. ఇక ఆముదపు గింజల సంగతి వేరు. 1888లో స్టిల్‌మార్క్ అనే శాస్త్రజ్ఞుడు వాటిలోని రైసిన్ అనే విషాన్ని పరిశీలించడంతోనే లెక్టిన్ల చదువు మొదలైంది. రైసిన్ ప్రాణం తీయగలదు. దారిపక్క ఆముదపు కాయలు ఆటకు కూడా కొరకవద్దు.

రాజ్మా మానేయాల్సిన పని లేదు. ప్రోటీను, పీచు ఉన్న మంచి తిండి. నానబెట్టి, నీళ్లు పారబోసి, తెర్లించి వండండి, పిల్లలకు పెట్టండి. ప్రయోగానికి తెచ్చిన గింజలు మాత్రం ప్రయోగానికే.