రెండు వరుసల తాళ్ల మీద

వేరియో కూత ఆగింది. ఎక్కుతున్నారని చెప్పే ఆ పరికరం ఇంతసేపూ చెవి పక్కన కీచుకీచుమంటుంటే, మిమ్మల్ని పైకి మోసుకొచ్చిన వేడిగాలి, అంటే థర్మల్, ఇక్కడితో సరి. వేరియో తెర మీద 3,400 మీటర్లు. కుడివైపు ధౌలాధార్ రాతిగోడ, దాని చీలికల్లో మంచు. ఎడమవైపు బాగా కిందుగా కాంగ్రా లోయ, పాలంపూర్ తేయాకు తోటలు, నారోగేజి పట్టాల సన్నని గీత.

పొద్దున బిల్లింగ్‌లో 2,400 మీటర్ల ఎత్తున ఉన్న గడ్డి వాలు మీంచి పారాగ్లైడర్‌తో పరుగెత్తి గాల్లోకి లేచారు. అక్టోబరు. వానలు వెనక్కి తగ్గాయి, గాలి శుభ్రంగా ఉంది. మీరు పోవాల్సిన ధర్మశాల పడమర దిక్కున. దారిలో పెద్ద లోయ ఒకటి అడ్డంగా ఉంది.

"అన్నా, నేనూ వస్తున్నా." రేడియోలో హైదరాబాద్ కుర్రాడు. కాస్త వెనక, మీ ఎత్తులోనే ఉన్నాడు. అతనిది మూడు వరుసల తాళ్ల పాత రెక్క. మీది కొత్తది, రెండు వరుసలది.

తల ఎత్తి చూడండి. ముందు వరుస ఏ-తాళ్లు, వెనక వరుస బీ-తాళ్లు. అంతే. పైన ఉన్న సన్నని తాళ్లకు తొడుగు కూడా లేదు. గాలికి అడ్డుపడే తాడు ఎంత తగ్గితే అంత దూరం పోవచ్చు. మరి ఇంత తక్కువ తాళ్లతో గుడ్డ ఆకారం ఎలా నిలుస్తోంది? లోపల నైలాన్ పుల్లలు కుట్టారు. తాళ్లు చేసే పనిలో కొంత వాటికి అప్పగించారు.

పాదాల కింది స్పీడ్ బార్ తొక్కండి. తాళ్లు కలిసే పట్టీల్లో ముందువి, అంటే ముందు రైజర్లు, కిందికి దిగుతాయి, రెక్క ముక్కు వంచుతుంది. గంటకు 38 కిలోమీటర్లు. 44. 50. గాలి హోరు పెరిగింది. గాలి నిలకడగా ఉంటే, బార్ తొక్కకుండా కిలోమీటరు ఎత్తుకు పది కిలోమీటర్లు సాగవచ్చు.

గాలి నిలకడగా లేదు. వేరియో బొంగురుగా మూలుగుతోంది. గాలే సెకనుకు 3 మీటర్లు కిందికి దిగుతోంది, మీ రెక్క తన వంతు మరో మీటరు పైనే. బార్ వదిలేద్దామా? వదిలితే కిలోమీటరు ఎత్తుకు రెండున్నర కిలోమీటర్లే దక్కుతాయి. తొక్కితే మూడు. పైగా ఈ పాడు గాలిలోంచి త్వరగా బయటపడతారు. తొక్కండి.

తొక్కినకొద్దీ గాలి రెక్కకు తగిలే కోణం తగ్గుతుంది. మరీ తగ్గితే గాలి పైనుంచి కొట్టి ముక్కును మడతపెడుతుంది. అందుకే ఆ ముక్కు కింద ఒక నొక్కు పెట్టారు. పైలట్లు దాన్ని షార్క్ నోస్ అంటారు. గాలి లోపలికి దూరే సందులు మునుపు ముక్కు కొసనే ఉండేవి, ఇప్పుడు కాస్త వెనక్కి జరిగాయి. కోణం అటూ ఇటూ మారినా లోపలి ఒత్తిడి నిలుస్తుంది.

బ్రేకుల జోలికి పోకండి. ఈ వేగంలో అవి వెనక అంచును వంచి ముక్కును మడతకు ఇంకా దగ్గర చేస్తాయి. బీ-రైజర్ల మీద పిడులున్నాయి. ఎద్దుల పగ్గాలు పట్టినట్టు వదులుగా పట్టుకోండి.

ఎడమ పిడి తేలికైంది.

లాగండి. రెండు అంగుళాలు.

బిగిసింది.

మూడు వరుసల రెక్కలో వెనక తాళ్లు లాగితే వెనక భాగం వంగి ఆకారం చెడుతుంది, వేగం పడిపోతుంది. ఇక్కడ రెక్క వంగకుండానే మొత్తంగా కోణం మార్చుకుంటుంది. బార్ మీంచి పాదం తియ్యనక్కర్లేదు. నన్నడిగితే కొత్త రెక్కల్లో అన్నిటికన్నా విలువైన మార్పు ఇదే. మడతపడబోయే ముందే మీ వేళ్లకు తెలుస్తోంది.

ఈ రెక్కలు ఇక్కడిదాకా తేలిగ్గా రాలేదు. 2009 ప్రాంతంలో పోటీల్లోకి వచ్చినప్పుడు అక్కడ భద్రతా సర్టిఫికెట్ అక్కర్లేదు. 2011 జులైలో స్పెయిన్‌లోని పియెద్రాహితాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఇద్దరు పైలట్లు చనిపోయారు, పోటీ ఆపేశారు. తర్వాత సర్టిఫికెట్ ఉన్న రెక్కలకే చోటు దక్కింది. క్రాస్‌కంట్రీ పైలట్లు ఎగిరే సీ తరగతిలోకి రెండు వరుసలు దిగిరావడానికి మరో పదేళ్లు పట్టింది. ఇప్పటికీ పరీక్షలో దీన్ని కావాలని మడతపెట్టాలంటే అదనపు తాళ్లు కడతారు. నిజమైన గాలి ఆ తాళ్లు లాగినట్టే మడతపెడుతుందని అనుకోకండి.

"అన్నా, బాగా దిగిపోయా. పొలాల వైపు తిప్పుతున్నా."

"మంచి పని తమ్ముడూ. కరెంటు తీగలు చూసుకో."

మీరు అతనికి 200 మీటర్లు పైన ఉన్నారు. ఎదురుగా అవతలి గట్టు. తిన్నగా పోతే దగ్గర. కానీ పడమటి గాలి ఆ గట్టు మీంచి ఇటు దొర్లుతోంది. ఎడమకు తిరిగి గట్టు కొసకు పోతే దూరం, ఎత్తు పోతుంది. 200 మీటర్లు ఉన్నాయి కదా అనిపిస్తోంది. అనిపించినా తిన్నగా పోకూడదు. ఎడమకు తిరగాలి.

తిరిగే లోపే గాలి తగిలింది.

కుడి పిడిలో బరువు లేదు.

లాగారు. ఏమీ లేదు.

కుడి సగం మాయమైంది.

బార్ వదలండి. వెంటనే.

రెక్క కొండ వైపు తిరుగుతోంది. రాళ్లు కనిపిస్తున్నాయి. పొదలు కనిపిస్తున్నాయి.

బరువు ఎడమకు. మొత్తం తుంటి ఎడమకు.

ఎడమ బ్రేకు. కొంచెమే. ఎక్కువ లాగితే ఉన్న సగమూ ఆగిపోతుంది.

తిరగడం ఆగింది.

పైన గుడ్డ టపటపమంది. తెరుచుకుంది. రెక్క ముందుకు దూకింది. పట్టుకోండి. వదలండి.

ఎగురుతున్నారు.

రెండు వరుసల రెక్క మామూలుగా మడతపడదు, పడినప్పుడు ఇలా గట్టిగా పడుతుంది. ఎడమకు పోండి. కొండకు వీపు పెట్టి, వెలుతురున్న గట్టు కొస దాకా. అక్కడ రాబందులు రెండు రెక్కలు కదపకుండా తిరుగుతున్నాయి. వాటి కిందికి చేరండి. వేరియో ఒకసారి కూసింది. మళ్లీ కూసింది. తిప్పండి, వాటి వైపే.

2,600. 2,900. తర్వాతి లోయ కనిపిస్తోంది, బార్ మీదికి పాదం పోబోతోంది. ఇంకా వద్దు. 3,500 దాకా ఎక్కండి. ఎక్కేలోగా తమ్ముణ్ని రేడియోలో పిలిచి ఎక్కడ దిగాడో కనుక్కోండి.